రోజు గోలి, వారం గోలి

వరంగల్ జిల్లా నెక్కొండ చుట్టుపక్కల ఊళ్లలో కీళ్ల జబ్బుతో బతికేవాళ్ల ముందుకు రెండు రకాల గోలీలు వస్తాయి. ఒకటి నొప్పి గోలి. డైక్లోఫెనాక్ కావచ్చు, ఎసిక్లోఫెనాక్ కావచ్చు, పేరేదైనా చేసే పని ఒకటే. మందుల దుకాణంలో చీటీ అడగకుండా ఇస్తారు. గంటలో నొప్పి దిగుతుంది, నాటుకో పత్తి ఏరడానికో పోవచ్చు. పూటకొకటి చొప్పున నెలల తరబడి మింగుతున్నా ఇంట్లో ఎవరూ వద్దనరు. రెండోది మెథోట్రెక్సేట్. కీళ్లవాతం అని తేలాక డాక్టరు రాసేది, వారానికి ఒక్క రోజే వేసుకోవాల్సింది. వేసుకున్న మర్నాడు వికారంగా ఉంటుంది, నొప్పి మాత్రం మొదటి వారాల్లో అట్లాగే ఉంటుంది. ఇంతలో అది క్యాన్సర్ మందని ఎవరో చెబుతారు. నెల తిరక్కుండానే ఆ గోలి ఆగిపోతుంది, నొప్పి గోలి కొనసాగుతుంది. భయపడాల్సిన గోలీని నమ్ముతున్నామనీ, నమ్మదగిన గోలీకి భయపడుతున్నామనీ ఈ అధ్యాయంలో నా వాదన. దుష్ఫలితాలు రెండింటికీ ఉన్నాయి. కాకపోతే వారం గోలి హానిని రక్తపరీక్షతో ముందే కనిపెట్టే ఏర్పాటు చేసుకునే వాడతారు. నొప్పి గోలీని కనిపెట్టేవాళ్లు లేకుండా వాడతారు.

ముందు ఏ కీళ్ల నొప్పి గురించి మాట్లాడుతున్నామో తేల్చుకోవాలి. నలభై అయిదు, యాభై దాటిన ఆడవాళ్ల మోకాళ్లను ఎక్కువగా పట్టేది అరుగుదల జబ్బు, ఆస్టియో ఆర్థరైటిస్. పనిచేసిన కొద్దీ పెరుగుతుంది, కూర్చుంటే తగ్గుతుంది. పొద్దున లేవగానే కాలు బిగుసుకున్నట్టున్నా అరగంటలోపు వదులవుతుంది. తెలుగులో కీళ్లవాతం అనే రుమటాయిడ్ ఆర్థరైటిస్ వేరే జబ్బు. శరీరపు రక్షణ వ్యవస్థే కీలు లోపలి పొర మీద దాడి చేస్తుంది. వేళ్ల కణుపులు, మణికట్లు రెండు చేతులకూ ఒకేలా వాస్తాయి. పొద్దున గంట దాటినా పిడికిలి బిగియదు. నూటికి ఒకరికి, లేదా అంతకు కొంచెం తక్కువ మందికి వస్తుంది. మగవాళ్లకంటే ఆడవాళ్లకు రెండు మూడు రెట్లు ఎక్కువ. అరుగుదలతో పోలిస్తే అరుదే అయినా ముప్పై, నలభై ఏళ్ల వయసులోనే, చేతులతో బతికేవాళ్ల చేతుల్నే పట్టుకుంటుంది. ఇవిగాక బొటనవేలు రాత్రికి రాత్రి ఎర్రగా వాచే గౌట్ ఉంది. 2005 చివర్లో మొదలై 2006లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ను ఊపేసిన చికున్‌గున్యా చాలామందికి నెలల తరబడి కీళ్ల నొప్పులు మిగిల్చింది. నొప్పి గోలి వీటన్నిటినీ ఒకేలా అణచేస్తుంది. ఏ జబ్బో తెలియకుండానే నొప్పి తగ్గిపోవడం దానితో వచ్చే మొదటి నష్టం. లోపల కీలు తినేసుకుపోతున్న జబ్బుకూ వయసుతో వచ్చే అరుగుదలకూ మధ్య తేడా రోగికి కనపడకుండా పోతుంది.

నొప్పి గోలి ఎట్లా పనిచేస్తుందో 1971 దాకా ఎవరికీ సరిగ్గా తెలియదు. ఆ కోవకే చెందిన ఆస్పిరిన్ అప్పటికే డెబ్బై ఏళ్లుగా అమ్ముడుపోతున్న మందు. ఆ ఏడాది లండన్‌లో జాన్ వేన్ దాని రహస్యం విప్పాడు. దెబ్బతిన్న చోట మంట, వాపు పుట్టించే ప్రోస్టాగ్లాండిన్ అనే పదార్థాల తయారీని ఆ మందు ఆపేస్తుంది. ఈ పరిశోధనకే 1982లో ఆయనకు నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. చిక్కేమిటంటే ప్రోస్టాగ్లాండిన్లు ఉన్నది నొప్పి పుట్టించడానికి మాత్రమే కాదు. కడుపు లోపలి పొరను ఆమ్లం నుంచి కాపాడేవీ అవే, మూత్రపిండానికి రక్తం అందేలా చూసేవీ అవే. నొప్పిని ఆపే మందు ఆ కాపలాను కూడా ఆపేస్తుంది. కడుపును వదిలేసి కీలును మాత్రమే పట్టుకునే మందు కావాలని శాస్త్రవేత్తలు వెతికారు. రోఫెకాక్సిబ్ అట్లా 1999లో వచ్చింది. కడుపు పుండ్లు నిజంగానే తగ్గాయి, కాని గుండెపోట్లు పెరిగాయి. 2004 సెప్టెంబరులో కంపెనీయే దాన్ని ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది. మన దేశంలోనూ అదే ఏడాది నిషేధించారు. మన దుకాణాల్లో ఏ బెరుకూ లేకుండా దొరికే డైక్లోఫెనాక్ గుండె విషయంలో ఆ కుటుంబానికి దూరపుదేమీ కాదు. వందల ప్రయోగాల సమాచారాన్ని కలిపి 2013లో లాన్సెట్ పత్రిక ప్రచురించిన విశ్లేషణ ప్రకారం, వెయ్యి మంది ఏడాది పాటు పూర్తి మోతాదులో దాన్ని వాడితే, వాడనివాళ్లకంటే అదనంగా ముగ్గురికి గుండెపోటు లాంటి పెద్ద ముప్పు వస్తుంది. వాళ్లలో ఒకరు చనిపోతారు. వెయ్యికి ముగ్గురంటే తక్కువగా కనిపించొచ్చు. కాని ఈ గోలి వాడేవాళ్ల సంఖ్య ఊరికి వెయ్యి కాకపోయినా మండలానికి ఎన్ని వేలో ఊహించుకోవచ్చు. పైగా ఆ ప్రయోగాల్లో చేరినవాళ్లను డాక్టర్లు కనిపెట్టుకుని ఉన్నారు.

మూత్రపిండం సంగతి దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే మన పొలాల్లో అసలు ప్రమాదం అక్కడే ఉందని నా అభిప్రాయం. మూత్రపిండంలోని వడపోత గుత్తిని ఒక చెరువనుకుందాం. నీళ్లొచ్చే పైతూమును తెరిచి ఉంచేది ప్రోస్టాగ్లాండిన్. నీళ్లు బాగా ఉన్న రోజుల్లో ఆ తూము సగం మూసుకున్నా చెరువు నడుస్తుంది. ఆరోగ్యంగా ఉన్న యువకుడు రెండు రోజులు నొప్పి గోలి వేసుకుంటే ఏమీ కానిది అందుకే. ఇప్పుడు ఏప్రిల్‌లో మిర్చి కల్లంలోనో చేలోనో పనిచేసే యాభై అయిదేళ్ల ఆడమనిషిని తీసుకోండి. ఎండకు చెమట కారి ఒంట్లో నీరు తగ్గింది, అంటే పైన వాగే ఎండింది. ఆమెకు బీపీ ఉంది. సర్కారు దవాఖానా ఇచ్చే టెల్మిసార్టాన్ లాంటి గోలి కిందితూమును వెడల్పు చేస్తుంది. మామూలుగా అది మూత్రపిండానికి మేలే. మూత్రం ఎక్కువగా పోయించే గోలి కూడా తోడైతే నీటిమట్టం ఇంకా దిగుతుంది. ఆ స్థితిలో నొప్పి గోలి వచ్చి పైతూమును మూసేస్తుంది. మూడూ కలిస్తే వడపోత రోజుల్లోనే పడిపోవచ్చు. బీపీ గోలి, మూత్రపు గోలి, నొప్పి గోలి కలయిక గురించి వైద్య విద్యార్థులకు ప్రత్యేకంగా హెచ్చరిస్తారు. బీపీ గోలి ఇచ్చే చోటుకు నొప్పి గోలి కొనే చోటు తెలియదు కాబట్టి ఆ హెచ్చరిక ఊళ్లో ఎవరికీ అందదు. ‘గ్యాస్ గోలి కలిపి వేసుకుంటున్నాం కదా’ అని చాలామంది ధైర్యంగా ఉంటారు. పాంటోప్రజోల్ లాంటి ఆ గ్యాస్ గోలి కడుపును కాపాడుతుంది, నిజమే. మూత్రపిండానికీ గుండెకూ దానివల్ల ఏ రక్షణా లేదు.

డైక్లోఫెనాక్ మూత్రపిండాన్ని ఏం చేయగలదో లోకానికి చూపించినవి రాబందులు. 1990ల మొదట్లో మన దేశంలో అవి కోట్లలో ఉండేవి. పదిహేనేళ్లలో తెల్లవీపు రాబందు నూటికి తొంభై తొమ్మిదికి పైగా తుడిచిపెట్టుకుపోయింది. కారణం తెలియక రోగమనీ పురుగుమందులనీ అనుకున్నారు. 2004లో లిండ్సే ఓక్స్ బృందం అసలు సంగతి బయటపెట్టింది. నొప్పికని డైక్లోఫెనాక్ సూది వేసిన పశువు చస్తే, ఆ కళేబరాన్ని తిన్న రాబందుల మూత్రపిండాలు పాడై, ఒళ్లంతా యూరిక్ ఆమ్లం పేరుకుని చచ్చిపోతున్నాయి. 2006లో పశువులకు ఆ మందును నిషేధించారు. మనుషుల కోసం తయారైన పెద్ద సీసాలు పశువులకు మళ్లుతున్నాయని 2015లో సూదిమందును 3 మిల్లీలీటర్ల సీసాలకే పరిమితం చేశారు. తెలంగాణలో కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవిలోని పాలరాపు గుట్టమీద 2013లో పొడుగుముక్కు రాబందుల గూళ్లు కనిపించడం అందుకే అంత పెద్ద వార్త అయింది. రాబందు శరీరం వేరు, మనిషి శరీరం వేరు, ఆ లెక్క మనకెట్లా వర్తిస్తుందని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. రాబందును చంపే మోతాదు మనిషిని చంపదు. ఒక్క గోలీతో మన మూత్రపిండాలు పోతాయని ఎవరూ అనలేరు. శ్రీకాకుళం ఉద్దానంలో వేలమందిని పట్టి పీడిస్తున్న మూత్రపిండాల జబ్బుకు కూడా నొప్పి గోలీలే కారణమని ఎవరూ రుజువు చేయలేదు. అక్కడి పరిశోధకులు ఎండనూ నీటినీ వాటితో పాటు నొప్పి గోలీలనూ అనుమానిస్తున్నారు. నేను చెప్పేది ఇంతవరకే: పశువులకు నిషేధించేటంత జాగ్రత్త పడ్డ మందును మనుషులు లెక్కాపత్రం లేకుండా మింగడం సరికాదు.

ఇక సూది. నొప్పి ఎక్కువైన రోజు ఆర్‌ఎంపీ దగ్గర వేసే సూదిలో డైక్లోఫెనాక్‌తో పాటు డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ కలవడం గ్రామీణ భారతంలో కొత్త సంగతి కాదు. దాని ప్రభావం అద్భుతంగా ఉంటుంది, అందులో సందేహం లేదు. 1948లో అమెరికాలో మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ కీళ్లవాతంతో మంచం పట్టిన ఒక యువతికి కార్టిజోన్ ఇచ్చాడు. కొద్ది రోజుల్లోనే ఆమె లేచి నడిచింది. రెండేళ్లకే, 1950లో, ఆయనకూ మరో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. అదే కాలంలో రోగుల ముఖాలు గుండ్రంగా ఉబ్బడం, షుగరు పెరగడం, ఎముకలు గుల్లబారడం, అణిగి ఉన్న క్షయ లేవడం కూడా డాక్టర్లు చూశారు. మందు ఆపితే జబ్బు రెట్టింపు కోపంతో తిరగబెట్టింది. ఎక్కువ కాలం వాడితే శరీరం సొంతంగా ఆ హార్మోను తయారుచేయడం మానేస్తుంది. అప్పుడు హఠాత్తుగా ఆపడమూ ప్రమాదమే. కాబట్టి సూదులకు అలవాటుపడ్డవాళ్లు ఇది చదివి రేపటి నుంచి ఆపేయకూడదు. ఎన్నాళ్లుగా తీసుకుంటున్నారో డాక్టరుకు చెప్పి మెల్లగా తగ్గించుకోవాలి. కీళ్లవాతం చికిత్సలో స్టెరాయిడ్‌కు ఈనాటికీ చోటుంది. అసలు మందు పనిచేయడం మొదలయ్యేదాకా కొన్ని వారాలు తక్కువ మోతాదులో ఆసరాగా వాడతారు. అసలు మందు లేకుండా ఆసరా ఒక్కటే ఏళ్ల తరబడి నడవడంతోనే చేటు వస్తోంది.

ఆ అసలు మందు కథలో మన తెలుగువాడొకరు ఉన్నారు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు సోదరుణ్ని స్ప్రూ అనే పేగుల జబ్బుకు పోగొట్టుకున్నారు. వైద్యం చదివి అమెరికా వెళ్లి, న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లే ప్రయోగశాలల్లో పరిశోధనకు నాయకత్వం వహించారు. 1940ల మధ్యలో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. స్ప్రూకూ, ఒక రకం రక్తహీనతకూ అది మందైంది. ఆ అణువునే కొంచెం మార్చి, కణాలకు ఫోలిక్ ఆమ్లం అందకుండా అడ్డుపడే పదార్థాలను కూడా అదే బృందం చేసింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ వాటిలో ఒకదాన్ని రక్త క్యాన్సర్ వచ్చిన పిల్లలకు ఇచ్చి, 1948లో ఫలితాలు ప్రచురించాడు. ఆ కుటుంబంలోదే మెథోట్రెక్సేట్. సుబ్బారావు ఆ ఏడాదే కన్నుమూశారు. మూడేళ్లకు, 1951లో, గుబ్నర్ అనే వైద్యుడు ఇదే రకం మందు తక్కువ మోతాదులో కీళ్లవాతాన్ని తగ్గిస్తుందని గమనించాడు. స్టెరాయిడ్ల మోజులో లోకం దాన్ని పట్టించుకోలేదు. 1980ల్లో జాగ్రత్తగా చేసిన ప్రయోగాల తర్వాత, 1988లో అమెరికా దాన్ని కీళ్లవాతానికి ఆమోదించింది. ఇప్పుడు ప్రపంచమంతటా ఈ జబ్బుకు మొదట రాసే మందు అదే. దాని దుష్ఫలితాలు తగ్గడానికి తోడుగా ఇచ్చేది సుబ్బారావు బృందం ముందు తయారుచేసిన ఆ ఫోలిక్ ఆమ్లాన్నే.

క్యాన్సర్ మందు కదా అనే మాట అబద్ధం కాదు. మోతాదును వదిలేసి చెప్పిన నిజం. ఎముక క్యాన్సర్‌లో ఒక్క విడతకు గ్రాముల లెక్కన ఎక్కిస్తారు. కీళ్లవాతంలో వారానికి 7.5 నుంచి 25 మిల్లీగ్రాములు. సుమారు వెయ్యి రెట్లు తేడా. అంత కొద్ది మోతాదులో అది కణాలను చంపి పనిచేయదు. అడెనోసిన్ అనే సహజ పదార్థాన్ని పెంచి మంటను చల్లారుస్తుందని శాస్త్రజ్ఞుల అంచనా. మరి డబ్బాలోని కాగితం మీద ఉన్న దుష్ఫలితాల చాంతాడు సంగతేమిటి? దానికి మంచి జవాబు అనుకోని వైపునుంచి వచ్చింది. మెథోట్రెక్సేట్ గుండెజబ్బును తగ్గిస్తుందేమో చూద్దామని అమెరికా, కెనడాల్లో 4,786 మందితో ఒక పెద్ద ప్రయోగం చేశారు. వాళ్లకు కీళ్లవాతం లేదు. సగం మందికి ఈ మందు, సగం మందికి ఏ మందూ లేని ఉత్తి గోలి. ఏది ఎవరికి వెళ్లిందో ఎవరికీ తెలియదు. గుండెకు ఉపయోగం కనపడలేదు. కాని దుష్ఫలితాల లెక్క 2020లో వెలువడింది. మందు వేసుకున్నవాళ్లలో నూటికి 87 మంది ఏదో ఒక ఇబ్బంది చెప్పారు. ఉత్తి గోలి వేసుకున్నవాళ్లలోనూ నూటికి 81 మంది చెప్పారు! కడుపు, ఊపిరితిత్తులు, రక్తకణాలు, అంటువ్యాధుల సమస్యలు మందువల్ల కొంత పెరిగిన మాట నిజం. చర్మ క్యాన్సర్ కూడా పెరిగింది. మూత్రపిండాల సమస్యలు మాత్రం మందు వేసుకున్నవాళ్లలోనే తక్కువగా కనిపించాయి. అసలు లెక్కకు ముందే, మందు పడనివాళ్లను కొన్ని వారాల పరీక్షతో పక్కన పెట్టారు కాబట్టి బయటి లోకంలో ఇబ్బందులు ఇంకొంచెం ఎక్కువే ఉంటాయి. ఆ మినహాయింపు పెట్టుకున్నా, గోలి వేసుకున్నాక మనిషికి అనిపించేదంతా గోలీ పనేననే నమ్మకానికి ఈ ప్రయోగం గట్టి దెబ్బ.

మందు వద్దనుకుంటే ఏమవుతుందో కూడా తూచాలి. కీళ్లవాతంలో ఎముక తినేసుకుపోవడం చాలామందికి మొదటి రెండేళ్లలోనే మొదలవుతుంది. వంకరపోయిన వేలు తర్వాత ఏ గోలీతోనూ తిరిగి రాదు. అణచని మంట గుండె రక్తనాళాలనూ చెడగొడుతుంది. ఈ జబ్బున్నవాళ్లకు గుండెపోటు ముప్పు మిగతావాళ్లకంటే ఎక్కువ. నొప్పి గోలి దీన్ని ఆపలేదు, నొప్పిని మాత్రం తెలియనివ్వదు. వారం గోలి పనిచేయడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. చాలామంది వదిలేసేది ఆలోపే. వికారం ఉంటే రాత్రి అన్నం తిన్నాక వేసుకోవచ్చు. డాక్టరును అడిగి మోతాదును అదే రోజు రెండు పూటలుగా పంచుకోవచ్చు, ఫోలిక్ ఆమ్లం పెంచుకోవచ్చు. అప్పటికీ పడకపోతే చర్మం కింద వేసుకునే సూదిగా మారితే చాలామందికి సర్దుకుంటుంది. ప్రాణం తీసే తప్పు ఒకటుంది, దాన్ని గట్టిగా చెప్పాలి. వారానికి ఒకసారి వేసుకోవాల్సినదాన్ని పొరపాటున రోజూ వేసుకోవడం. మెథోట్రెక్సేట్, ఫోలిక్ ఆమ్లం రెండూ చాలాసార్లు చిన్న పసుపుపచ్చ గోలీలుగానే వస్తాయి, చదవడం రానివాళ్లకు తేడా తెలియదు. వారంలో ఒక రోజు పేరు చీటీ మీద పెద్దగా రాయించి, ఇంట్లో ఒకరి చేతికే ఆ డబ్బా అప్పగించడం మంచిది. జ్వరానికో విరేచనాలకో కోట్రైమాక్సజోల్ ఇవ్వబోతే వద్దనాలి. ఆ రెండూ కలిస్తే రక్తకణాలు ప్రమాదకరంగా పడిపోతాయి. నోట్లో పుండ్లు, జ్వరం, పొడి దగ్గుతో ఆయాసం కనిపిస్తే ఆ వారం గోలి ఆపి వెంటనే దవాఖానాకు పోవాలి. గర్భం దాల్చాలనుకునే ఆడవాళ్లకు ఈ మందు పనికిరాదు, ముందే మార్చుకోవాలి. కల్లు, సారా కాలేయం మీద భారాన్ని పెంచుతాయి. తోడుగా హైడ్రాక్సీక్లోరోక్విన్ ఇస్తే మొదట్లో ఒకసారి, అయిదేళ్ల తర్వాత ఏటా కళ్లు చూపించుకోవాలి.

రక్తపరీక్షల గురించిన అభ్యంతరం బలమైనది. మందు మొదలుపెట్టాక తొలి మూడు నెలలు రెండు నుంచి నాలుగు వారాలకోసారి, తర్వాత మెల్లగా మూడు నెలలకోసారి రక్తకణాలు, కాలేయం, క్రియాటినిన్ చూడాలంటారు. నెక్కొండలో ఉన్నవాళ్లకు అదెట్లా సాధ్యమని అడుగుతారు. నిజానికి మిగతా చాలా పల్లెల కన్నా ఇక్కడివాళ్లకు దారి సులువు. ఊరు కాజీపేట–విజయవాడ రైలుమార్గం మీద ఉంది. రైలెక్కితే గంటలోపే వరంగల్, అక్కడ ఎంజీఎం ఆసుపత్రి. 2024లో నర్సంపేటలో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. తెలంగాణ డయాగ్నొస్టిక్స్ పథకం కింద ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఇచ్చిన రక్తం జిల్లా కేంద్రానికి వెళ్లి, ఫలితం ఉచితంగా వస్తుంది. జబ్బు చిక్కుగా ఉంటే హైదరాబాద్ నిమ్స్‌లో కీళ్లవాతానికి ప్రత్యేక విభాగమే ఉంది. ఖరీదైన కొత్త సూదులు కొనలేమనే దిగులు కూడా అందరికీ అవసరం లేదు. 2013లో 353 మందితో చేసిన ప్రయోగంలో మెథోట్రెక్సేట్, సల్ఫాసలజీన్, హైడ్రాక్సీక్లోరోక్విన్ అనే మూడు పాత గోలీల కలయిక, ఎటానర్సెప్ట్ అనే ఖరీదైన సూదికి తీసిపోలేదు. పరీక్షలు కష్టం కాబట్టి వారం గోలి వద్దనేవాళ్లు, రోజూ నొప్పి గోలి మింగే మనిషి క్రియాటినిన్ చివరిసారి ఎప్పుడు చూశారో కూడా చెప్పగలగాలి.

అరుగుదల జబ్బున్న మోకాలికి ఈ వాదన యథాతథంగా అతకదు. దానికి వారం గోలి లేదు, అరిగిన మృదులాస్థిని తిరిగి పెంచే మందూ లేదు. అందుకే అక్కడ నొప్పి గోలీని పూర్తిగా తోసిపుచ్చలేం. మూత్రపిండాలు, గుండె, కడుపు బాగున్న మనిషి నొప్పి ఎక్కువైన నాలుగు రోజులు, తక్కువ మోతాదులో, తిన్నాక, నీళ్లు బాగా తాగుతూ వేసుకోవచ్చు. అంతకంటే ముందు అదే డైక్లోఫెనాక్‌ను జెల్‌గా మోకాలికి రాసి చూడాలి. రక్తంలోకి చాలా కొద్దిగా చేరుతుంది, కొంతమందికి గోలి అంతే పనిచేస్తుంది. పారాసెటమాల్ ప్రమాదం తక్కువదే గాని మోకాలి నొప్పికి దాని ఉపయోగం చాలా స్వల్పమని పెద్ద సమీక్షలు తేల్చాయి. మోకాలిలోకి స్టెరాయిడ్ సూది కొన్ని వారాలు హాయినిస్తుంది. కాని మూడు నెలలకోసారి రెండేళ్లు వేసి చూసిన 2017 నాటి అమెరికా ప్రయోగంలో ఉత్తి ఉప్పునీటి సూదికంటే నొప్పి ఏమీ తగ్గలేదు, మృదులాస్థి మాత్రం ఎక్కువ పల్చబడింది. బాగా రుజువైనవి తొడ ముందు కండరాలకు వ్యాయామం, ఒళ్లున్నవాళ్లు బరువు తగ్గడం. రోజంతా పొలంలో వంగి పనిచేసేవాళ్లకు మళ్లీ వ్యాయామమా అని నొచ్చుకోవడం సహజం. వంగి నాటేయడం, గొంతుక్కూర్చుని కలుపు తీయడం మోకాలిని నలిపేస్తాయే గాని దాన్ని పట్టి ఉంచే తొడ కండరాన్ని బలపరచవు. పైగా నొప్పివల్ల ఆ కండరం వాడకం తగ్గి సన్నబడుతుంది. కుర్చీలో కూర్చుని కాలు చాచి పది లెక్కపెట్టేదాకా పట్టి దించడం, పొద్దునా సాయంత్రం పదేసి సార్లు, మూడు నెలలు. నొప్పి ఉన్న కాలికి ఎదుటి చేతిలో కర్ర పట్టుకుంటే ఆ కీలు మీద బరువు తగ్గుతుంది. కర్ర పడితే ముసలైపోయినట్టని సిగ్గుపడి, ఆ సిగ్గును మూత్రపిండాలతో చెల్లించడం నాకు బాధ కలిగిస్తుంది.

దుష్ఫలితాల భయంతో ఇంగ్లీషు మందులన్నీ మానేసి పొడులవైపు వెళ్లేవాళ్లున్నారు. ఆయుర్వేదాన్ని పరీక్షించే దారి లేకపోలేదు. కోయంబత్తూరులో 43 మంది కీళ్లవాత రోగులతో జరిగి 2011లో వెలువడిన ప్రయోగంలో శాస్త్రీయంగా శిక్షణ పొందిన వైద్యుల ఆయుర్వేద చికిత్స, మెథోట్రెక్సేట్ దాదాపు సమంగా నిలిచాయి. చిన్న ప్రయోగమే, కాని నిజాయితీగా, ఎవరికేది ఇచ్చారో దాచి చేసినది. అట్లాంటివి పెద్దవి జరగాలి. పేరు, కంపెనీ, పాళ్లు లేకుండా పొట్లం కట్టి ఇచ్చే పొడి సంగతి వేరు. అట్లాంటి మందుల్లో స్టెరాయిడ్లు, నొప్పి మందులు, సీసం లాంటి లోహాలు దొరికిన సందర్భాలు దేశంలో ఎన్నో నమోదయ్యాయి. పొడి తిన్న రెండు రోజులకే పదేళ్ల నొప్పి మాయమైందంటే దాన్ని వేరుమూలిక మహిమగా కాక, అందులో స్టెరాయిడ్ ఉందేమోనన్న అనుమానంతో చూడాలి.

చివరి అభ్యంతరం కూలిది. రోజు కూలి మీద బతికే మనిషికి దవాఖానా చుట్టూ తిరగడమంటే ఆ రోజు పోవడమే. ఆర్‌ఎంపీ సూది మాత్రం సాయంత్రం ఇంటికొచ్చాక కూడా దొరుకుతుంది. ఈ మాటను కాదనే హక్కు ఎవరికీ లేదు. ఆర్‌ఎంపీని తిట్టినంత మాత్రాన ఆ ఖాళీ నిండదు కూడా. ఆ ఖాళీని నింపే పద్ధతికి ఆధారం గ్లాస్గోలో ఉంది. అక్కడ జరిగి 2004లో వెలువడిన ప్రయోగంలో 110 మంది కీళ్లవాత రోగులను రెండు గుంపులు చేశారు. రెండు గుంపులకూ అవే పాత మందులు. ఒక గుంపును నెలనెలా పిలిచి, కీళ్లు లెక్కపెట్టి, మందు సరిచేశారు. రెండో గుంపు మామూలుగా మూడు నెలలకోసారి వచ్చింది. ఏడాదిన్నరకు మొదటి గుంపులో నూటికి 65 మందికి జబ్బు అణిగిపోయింది, రెండో గుంపులో 16 మందికే. మన దగ్గర నెలనెలా కలిసే పద్ధతి బీపీ, షుగరు గోలీల కోసం ఇప్పటికే ఊరూరా నడుస్తోంది. ఆ గోలీలిచ్చే ఏఎన్‌ఎం ఇంకో రెండు ప్రశ్నలు అడగొచ్చు: నొప్పి గోలి గానీ సూది గానీ వాడుతున్నారా, పొద్దున పిడికిలి బిగియడానికి ఎంతసేపు పడుతోంది. మొదటిదానికి అవునంటే అదే రోజు క్రియాటినిన్ కోసం రక్తం తీసి పంపాలి, మూత్రం పోయించే బీపీ గోలి ఉంటే డాక్టరుకు చెప్పాలి. రెండోదానికి జవాబు గంట దాటితే, వేళ్లు వాచి ఆరు వారాలైతే, రుమటాయిడ్ ఫ్యాక్టర్ పరీక్షతో పాటు ఎంజీఎంకు చీటీ రాసివ్వాలి. ఆ పరీక్షలో ఏమీ కనపడకపోయినా చీటీ ఆపకూడదు, ఎందుకంటే కీళ్లవాతం ఉన్నవాళ్లలో చాలామందికి మొదట్లో ఆ పరీక్ష ఏమీ చూపించదు.